మద్రాసులో అచ్చయిన ఆంధ్ర

(మైలాపూరులో తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సభకు వచ్చేవారిలో చాలామంది లజ్ చర్చి రోడ్డు మీదుగానే వచ్చి ఉంటారు. ఆ రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే వందలమంది అక్కడ నడుస్తారు. ఆ నాగేశ్వరరావు ఎవరని అడిగితే అక్కినేని వారే కదా అన్నవారు కూడా నాకు తారసపడ్డారు. (నవ్వులు) కాదు. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. తలనొప్పికి అమృతాంజనం ఇచ్చినవారు, తెలుగువారికి ఆంధ్రపత్రిక ఇచ్చినవారు. తలనొప్పికి మందు, ప్రభుత్వానికి తలనొప్పి, రెండూ ఒకే ఖజానా నుంచి వెళ్లాయి.

ఈ రోజు ఆంధ్రపత్రిక రాజకీయ ప్రభావం గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి అంశం ఇస్తే సాధారణంగా సంపాదకీయాలు తిరగేస్తారు. ఫలానా రోజు ఇలా గర్జించింది, ఫలానా రోజు ఇలా హెచ్చరించింది అని చదివి వినిపిస్తారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం తక్కువ. నిజం చెప్పాలంటే ఆంధ్రపత్రిక సంపాదకీయాలు గొప్పగా గర్జించినవి కావు. గంభీరమైన గ్రాంథికంలో, పెద్దమనిషి తరహాలో సాగేవి. వచనం కోసమే చదవాలంటే ఆ రోజుల్లో బందరు నుంచి ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణాపత్రిక ఉండనే ఉంది. ఆంధ్రపత్రిక బలం వేరేచోట ఉంది. అది ఎక్కడ అచ్చయింది, ఎక్కడ చదివారు అనే రెండు ప్రశ్నలు వేసుకుంటే ఆ బలం కనబడుతుంది. అచ్చయింది మద్రాసులో, జార్జిటౌన్ తంబుచెట్టి వీధిలో. చదివింది బెజవాడలో, గుంటూరులో, రాజమండ్రిలో, కడపలో. ఈ దూరంలోనే ఆ పత్రిక చేసిన రాజకీయమంతా ఉంది. దాని చివరి విషాదం కూడా అందులోనే ఉంది.

మొదలుపెట్టింది మద్రాసులో కాదు, బొంబాయిలో. పంతులుగారు అక్కడ 1893లో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. సంగీత సభల్లో శ్రోతలకు ఆ మందు ఉచితంగా పంచి అలవాటు చేశారని చెబుతారు. 1907లో సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లారు. అతివాదులు, మితవాదులు కుర్చీలు విసురుకుని విడిపోయిన సభ అది. మరుసటి ఏడు జూలైలో తిలక్‌కు ఆరేళ్ల ప్రవాస శిక్ష పడింది. బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ వేడి చల్లారకముందే, 1908 సెప్టెంబరులో, అదే నగరంలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. ఒక పత్రికలో రాసిన రాతలకు ఒక నాయకుడు మాండలే జైలుకు వెళ్లడం కళ్లారా చూసి, ఆ తరువాత పత్రిక పెట్టిన మనిషి ఈయన. అమాయకంగా ఈ పనిలోకి దిగలేదు.

1910 నుంచి ఉగాది సంచికలు మొదలయ్యాయి. అవి సాహిత్య చరిత్రకు సంబంధించిన సంగతి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక వచ్చింది. ఈ తేదీ దగ్గర కాసేపు ఆగుదాం. నాలుగు నెలలు తిరగకుండానే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. యుద్ధం వస్తే వార్తల ఆకలి పెరుగుతుంది. నిన్న ఏం జరిగిందో ఇవాళ తెలియకపోతే మనసు ఊరుకోదు. వారానికి ఒకసారి చదివే అలవాటు రోజూ చదివే అలవాటుగా మారింది ఆ ఏళ్లలోనే. ఇంకో సంగతి. అదే నెల 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకున్నారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. తొమ్మిది రోజుల తేడాతో దినపత్రిక, దాన్ని చదివించే యంత్రాంగం రెండూ సిద్ధమయ్యాయన్నమాట. ఊళ్లో పఠనమందిరానికి ఒక కాపీ వస్తుంది. చదువు వచ్చిన ఒకరు పైకి చదువుతారు, చుట్టూ పదిమంది వింటారు. ఆ పదిమంది పేర్లు చందాదారుల లెక్కలో ఉండవు. అందుకే పాత పత్రికల ప్రభావాన్ని సర్క్యులేషన్ అంకెలతో కొలవడం నాకు ఎప్పుడూ అనుమానమే.

మరి మద్రాసు నుంచి ఆ ఊళ్లకు పత్రిక ఎలా వెళ్లింది? రైలు మీద. మద్రాసు, బెజవాడల మధ్య దూరం సుమారు 430 కిలోమీటర్లు. 19వ శతాబ్దం చివరికి ఆ లైను పూర్తయింది. దానితో మద్రాసు మెయిలు ఎక్కిన కట్టలు మరునాటికి కృష్ణా జిల్లాలో దిగేవి. హైకోర్టు మద్రాసులో, శాసనమండలి మద్రాసులో, గవర్నరు మద్రాసులో, విశ్వవిద్యాలయం మద్రాసులో. తెలుగు జిల్లాల జాతకం రాసే కార్యాలయాలన్నీ ఈ ఊళ్లోనే ఉండేవి. తెనాలి రైతుకు నీటితీరువా ఎంతో ఇక్కడ ఫోర్ట్ సెయింట్ జార్జిలో నిర్ణయించేవారు. ఆ కార్యాలయాల గుమ్మం దగ్గర కూర్చుని, లోపల మాట్లాడుకున్నది తెలుగులో రాసి రాత్రి బండికి ఎక్కించే పత్రిక ఒకటి ఉందంటే దాని విలువ ఊహించండి. శ్రీకాకుళం మనిషి, అనంతపురం మనిషి ఒకే రోజు ఒకే వార్త చదివి ఒకేలా కోపం తెచ్చుకోవడం అంతకుముందు జరగనిది. రాష్ట్రం అనేది పటం మీదికి రాకముందు ఇలా తయారవుతుంది.

అయితే మద్రాసులో ఈ పత్రిక ఒంటరిగా లేదు. పోటీ గట్టిగానే ఉంది. ది హిందూ 1878 సెప్టెంబరు 20న మొదలైంది. రూపాయి పన్నెండు అణాలు అప్పు చేసి 80 కాపీలు వేశారు. దాన్ని స్థాపించిన ఆరుగురు యువకుల్లో ఒకరు మన న్యాపతి సుబ్బారావు పంతులు. తరువాత రాజమండ్రిలో స్థిరపడి ఆంధ్రోద్యమ నాయకుడయ్యారు. ఇంగ్లీషులో మద్రాసు పెద్దమనుషుల గొంతు హిందూ. 1914లోనే అనీబిసెంట్ న్యూ ఇండియా వచ్చింది. ఇటు బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ వారు 1917లో ఇంగ్లీషులో జస్టిస్, తమిళంలో ద్రావిడన్ పెట్టారు. తెలుగులో వారి గొంతుగా నిలిచింది ఆంధ్రప్రకాశిక. అది ఎ.సి.పార్థసారథి నాయుడు గారు 1885లోనే ఈ ఊళ్లో స్థాపించిన పాత పత్రిక. మద్రాసు తెలుగు పత్రికల కథ అంటే ఆంధ్రపత్రికతోనే మొదలుపెట్టి ఆంధ్రప్రకాశికను పూర్తిగా వదిలేసే అలవాటు మనకుంది. అది సరికాదు. బ్రాహ్మణేతరుల ఫిర్యాదులు చాలావరకు న్యాయమైనవి. ఆంధ్రపత్రిక పుటల్లో వాటికి దొరికిన చోటు ఎప్పుడూ ఇరుకే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1920 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీని ఎక్కువకాలం ఏలినవారు ఎవరు? పానగల్ రాజా, మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా. ముగ్గురూ తెలుగువారే. టీ నగర్‌లో పానగల్ పార్కు ఇప్పటికీ ఉంది, చీరలు కొనడానికి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. తెలుగువారు మంత్రివర్గానికి నాయకులుగా ఉండగా, తెలుగువారికి అన్యాయం జరుగుతోందని ఒక తెలుగు పత్రిక ఎలా వాదించింది? ఎలా నెగ్గింది? నా జవాబు ఇది. పదవిలో తెలుగువాడు ఉండటం వేరు, తెలుగు జిల్లాలకు తమ పాలన తమకు ఉండటం వేరు. ఈ తేడాను పాఠకుడి మనసులో నాటడమే ఆంధ్రపత్రిక చేసిన అసలు పని. 1913 బాపట్ల ఆంధ్రమహాసభ నుంచి ఈ వాదం ఉంది. 1918లో కాంగ్రెస్ ఆంధ్రకు ప్రత్యేక శాఖ ఇచ్చింది. అనీబిసెంట్ వ్యతిరేకించినా, తిలక్ బలపరచగా అది సాధ్యమైంది. అంటే ప్రభుత్వం దృష్టిలో ఆంధ్ర లేదు, కాంగ్రెస్ కాగితాల్లో ఉంది. ఆంధ్రపత్రిక ఆ రెండో పటాన్ని నిజమైన పటంగా తీసుకుని ముప్పై అయిదేళ్లు వార్తలు రాసింది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 1910 ప్రెస్ చట్టం చేతిలో ఉంది. ముందు ధరావతు, అంటే డిపాజిట్టు, కట్టమంటారు, నచ్చనిది రాస్తే జప్తు చేస్తారు, మళ్లీ అంతకంటే పెద్ద ధరావతు అడుగుతారు. అనీబిసెంట్ న్యూ ఇండియాకు 1916లో మొదట 2,000 రూపాయలు, అది పోయాక 10,000 రూపాయలు కట్టమన్నారు. ఇంత కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఒక పత్రిక ఎంతకాలం నిలుస్తుందనేది దాని ధైర్యం మీద కంటే దాని వెనక ఉన్న డబ్బు మీద ఆధారపడుతుంది. చేదుగా ఉన్నా నిజం.

దీనికి రుజువు కావాలంటే టంగుటూరి ప్రకాశం పంతులుగారిని చూడండి. మద్రాసు హైకోర్టులో వేలు గడించిన బారిస్టరు. 1921లో ప్రాక్టీసు వదిలి స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు సోదరుల వంటి ఉద్దండులు అందులో పనిచేశారు. జీతాలు అందని నెలలు గడిచినా వదలలేదు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకి ముందు రొమ్ము చూపిన ప్రకాశం గారు, పత్రికలో పోసిన ఆస్తి లెక్క మాత్రం ఎవరికీ చూపలేదు. స్వరాజ్య 1930ల మధ్యకు వచ్చేసరికి ఆగిపోయింది. ఆయన చేతులు ఖాళీ అయ్యాయి. ఆంధ్రపత్రిక మాత్రం నిలిచింది. తేడా త్యాగంలో లేదు, సాహసంలో లేదు. ఒకరి వెనక కోర్టు ఫీజులు ఉన్నాయి, అవి ప్రాక్టీసుతో పాటే పోయాయి. ఇంకొకరి వెనక పసుపుపచ్చ డబ్బీ ఉంది. యజమాని జైలుకు వెళ్లినా జనానికి తలనొప్పులు ఆగవు, అమ్మకాలూ ఆగవు. (నవ్వులు)

దీనికి రెండో ముఖం కూడా చెప్పాలి. నాగేశ్వరరావు పంతులుగారు పత్రికకు యజమాని, సంపాదకుడు. కొన్నేళ్లు ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా. వార్త రాసేవాడు, వార్తలో ఉండేవాడు ఒక్కడే. ఈ రోజు అలా జరిగితే మనం ఏమంటాం? దేశోద్ధారక బిరుదు ఉన్నంత మాత్రాన ఆ ప్రశ్న చెల్లిపోదు. ఆంధ్ర కాంగ్రెస్‌లో లోపాలు రాయవలసి వచ్చినప్పుడు పత్రిక కలం తడబడింది. అది సహజమే. కానీ సహజం కనుక మెచ్చుకోవాలని లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టానికి వస్తాను. ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో జరిగింది. లజ్‌లో పంతులుగారి ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న అక్కడ కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు ఒకచోట కూర్చున్నారు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభిసీతారామయ్య ఇటు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు అటు. ఎందుకు కూర్చున్నారు? ఆంధ్ర రాష్ట్రం అంటే కోస్తావారి పెత్తనమని సీమలో అనుమానం బలంగా ఉంది. ఆ అనుమానానికి కారణాలూ ఉన్నాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది చివరికి విశాఖపట్నం చేరింది. అనంతపురం పిల్లవాడికి విశాఖ కంటే మద్రాసే దగ్గర. సీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం వైపే మొగ్గాయి.

ఒప్పందం ఏమిటంటే, విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల వాడకంలో పదేళ్లో అంతకంటే ఎక్కువో సీమకు, నెల్లూరుకు మొదటి హక్కు ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి పోకూడదు, ఏది కావాలో సీమ ముందు కోరుకోవాలి. 1953లో కర్నూలు రాజధాని కావడానికి, హైకోర్టు గుంటూరు వెళ్లడానికి మూలం ఇదే. నీళ్ల మాట ఏమైందో రాయలసీమ మిత్రులు నాకంటే బాగా చెబుతారు. ఇప్పటికీ ఎవరికి కోపం వచ్చినా ఆ కాగితాన్నే బయటికి తీస్తున్నారు.

ఆ సమావేశం ఒక పత్రికాధిపతి ఇంట్లో ఎందుకు జరిగింది? రెండు ప్రాంతాల నాయకులకూ అది తమ చోటు అనిపించింది కనుక. ఇక్కడ కూడా మద్రాసు పనికొచ్చింది. బెజవాడలో కూర్చుంటే అది కోస్తా గడ్డ, కడపలో కూర్చుంటే సీమ గడ్డ. మద్రాసు ఇద్దరిదీ, ఇద్దరిదీ కాదు. ఒక పత్రిక రాజకీయ ప్రభావం అంటే నా ఉద్దేశంలో ఇలాంటిదే. ఆ సాయంత్రం అక్కడ అచ్చులో పడిన అక్షరం ఒక్కటీ లేదు. పాతికేళ్లుగా అచ్చయిన పత్రిక సంపాదించిన నమ్మకం ఆ గదిలో పనిచేసింది.

నాలుగు నెలల తరువాత, 1938 మార్చిలో, మద్రాసు శాసనసభ భాషా రాష్ట్రాలను కోరుతూ తీర్మానం చేసింది. ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు. అదే ఏడు ఆగస్టు 15న రామ్‌నాథ్ గోయెంకా ఆంధ్రప్రభ ప్రారంభించారు. అక్కడితో ఒక యుగం మారింది. గోయెంకా తెలుగువారు కారు. ఆయనకు తెలుగు పత్రిక ఒక ఉద్యమం కాదు, ఎక్స్‌ప్రెస్ గొలుసులో ఒక కొత్త లింకు. అయినా, బహుశా అందువల్లనే, ఆంధ్రప్రభ మంచి వార్తాపత్రిక అయింది. 1942 నుంచి నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడు. సూటిగా, చురుగ్గా, పొట్టి వాక్యాల్లో రాసేవారు. ఆంధ్రపత్రిక చదివితే పెద్దలు మాట్లాడుతున్నట్టుండేది, ఆంధ్రప్రభ చదివితే మన వీధిలో గట్టిగా వాదించే మనిషి మాట్లాడుతున్నట్టుండేది. యువకులు అటు వెళ్లారు. పంతులుగారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు ఆంధ్రపత్రికను, దాని సోదర సాహిత్య మాసపత్రిక భారతిని నిలబెట్టారు. వారపత్రికకు కొత్త కళ తెచ్చారు. ముళ్లపూడి వెంకటరమణ వంటివారు పనిచేసింది అక్కడే. కానీ దినపత్రికగా ఇంతకుముందున్న ఏకచ్ఛత్రం పోయింది.

ఇక 1952. ఆ ఏడు అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర ఆయన కోరిక. అంతకుముందు ఏడాది స్వామి సీతారాం 35 రోజులు ఉపవాసం చేసి విరమించారు. నిరాహారదీక్షకు దినపత్రిక తోడుంటే ఆ బలమే వేరు. ఇవాళ ఎన్నో రోజు, డాక్టర్లు ఏమన్నారు, ఢిల్లీ ఏమంది. పాఠకుడు ప్రతి పొద్దునా ఒక అంకె చూస్తాడు, అది ఒకటి పెరుగుతూ ఉంటుంది. డిసెంబరు 15న, 58వ రోజున, ఆయన ప్రాణం పోయింది. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. జనం మొదట దాడి చేసినవి రైల్వే స్టేషన్లు. నెల్లూరులో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. నలభై ఏళ్లుగా ఏ లైను మీద పత్రిక కట్టలు వెళ్లాయో ఆ లైనంతా అట్టుడికింది. వార్త ముందుగా చేరిన చోటే కోపం ముందుగా రేగింది. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన చేశారు. ఆంధ్ర రాష్ట్రం వస్తుంది, మద్రాసు నగరం మాత్రం అందులో ఉండదు.

1953 అక్టోబరు 1న కర్నూలులో రాష్ట్రం అవతరించింది. నలభై ఏళ్లు రోజూ కోరిన దాన్ని పత్రిక సాధించుకుంది. సాధించిన రోజే పొరుగు రాష్ట్రపు పత్రిక అయిపోయింది. శాసనసభ కర్నూలులో ఉంది, మంత్రులు అక్కడున్నారు. తంబుచెట్టి వీధి దగ్గర ఉన్న సచివాలయంలో తెలుగు రైతు గురించి నిర్ణయించేది ఇక ఏమీ లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న లాభం పోయింది. ఆంధ్రప్రభ 1959లో విజయవాడ వెళ్లిపోయింది. మరుసటి ఏడు నార్ల గారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి పుట్టింది కూడా విజయవాడలోనే. ఆంధ్రపత్రిక సైతం పాఠకుల వెంట వెళ్లక తప్పలేదు. ఎక్కడున్నా పాత ఊపు రాలేదు. 1991లో దినపత్రిక, భారతి రెండూ ఆగిపోయాయి.

ఇందులో మన సంగతి, అంటే ఈ ఊళ్లో ఉండిపోయిన తెలుగువారి సంగతి, నాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది. జార్జిటౌన్ కోమటి వర్తకులు, చాకలిపేట నేతపనివారు, పెరంబూరు కార్మికులు, వీరంతా ఆంధ్రపత్రిక కార్యాలయానికి కూతవేటు దూరంలో బతికారు. పత్రిక మాత్రం వారి తల మీదుగా బెజవాడ వైపు చూస్తూ రాసింది. మద్రాసు మనదే అని వాదించినప్పుడు కూడా ఆ మనం ఎక్కువగా గోదావరి, కృష్ణా ఒడ్డునే ఉంది.

మీ ప్రశ్నలకు సమయం ఉంచమన్నారు. అడగండి.

(సభలో ఒకరు: మద్రాసు మనకు రాకపోవడంలో తెలుగు పత్రికల వైఫల్యం ఉందంటారా?)

కొంత ఉంది. తమిళుల వైపు నుంచి మ.పొ.శివజ్ఞానం గారు ఈ నగరం కోసం వీధుల్లో సభలు పెట్టారు. రాజాజీ ముఖ్యమంత్రిగా పట్టుపట్టి కూర్చున్నారు. నగరపాలక సంస్థ వారి వైపే ఉంది. మన పత్రికలు ఢిల్లీకి విజ్ఞప్తులు రాశాయి, జిల్లాలను కదిలించాయి. నగరంలో వార్డు వార్డుకు వెళ్లి తెలుగువాడిని ఓటరుగా కూడగట్టే పని మన నాయకులు చేయలేదు. చేయలేదని పత్రికలూ నిలదీయలేదు. అయితే పత్రికలు ఎంత బాగా రాసినా ఇక్కడి జనసంఖ్యలో తమిళులే ఎక్కువన్న నిజం మారేది కాదు. తాత్కాలిక రాజధానిగానైనా ఉంచమన్న కోరికే నెగ్గలేదు. ఆ ఏడాది సంచికలు చదవాలంటే ప్రెస్ అకాడమీ వారు డిజిటల్ చేసిన ప్రతులు ఉన్నాయి. 1952 డిసెంబరు సంచికలు ఒకసారి, 1953 అక్టోబరువి ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడండి. మద్రాసు వార్తలు ఏ పుట నుంచి ఏ పుటకు జరిగాయో మీకే తెలుస్తుంది.

ఇంకెవరైనా?